పరీక్ష తప్పిన టీచరమ్మ – వేదాద్రి నరసింహుడు

ఓం నమో నారసింహాయ.



ఈ వారం ప్రవచనంలో వేదాద్రి స్థలపురాణం చెప్పుకున్నాం కదా. ఆ కథ ఎందుకు ఎత్తుకున్నానో, ఎవరిని మనసులో పెట్టుకుని చెప్పానో, సమయం చాలక అప్పుడు చెప్పలేదు. అది ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో ఎవరైనా ఉద్యోగం కోసమో, ఉన్న ఉద్యోగం నిలబెట్టుకోవడం కోసమో పరీక్ష రాసి తప్పి ఉంటే, వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

నందిగామ నుంచి జగ్గయ్యపేట పోయే దారిలో, చిల్లకల్లు దగ్గర హైవే దిగి కృష్ణ ఒడ్డుకి వస్తే వేదాద్రి. మొన్న అక్కడ స్నానం చేసి మెట్లెక్కుతున్నాను. ఒక అమ్మ తడిచీరతో ఓ పక్కగా కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"గురువుగారూ, ఒక్క నిమిషం మాట్లాడొచ్చాండీ?"

"కూర్చో తల్లీ, చెప్పు" అన్నాను.

"నేను టీచర్నండీ. నందిగామ అవతల ఒక పల్లెలో చిన్న బడి. టెట్ రాశాను. తప్పాను. నూట యాభైకి ఎనభై నాలుగు వచ్చినయ్. తొంభై రావాలి." అంత చెప్పి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. టెట్ అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్ష. మన రాష్ట్రంలో మొదలైంది 2011లో. ఈ అమ్మ టెట్ అనే మాటే లేని రోజుల్లో డీఎస్సీ రాసి ఉద్యోగంలో చేరింది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. రిటైర్మెంటుకి ఐదేళ్ళకన్నా ఎక్కువ సర్వీసు మిగిలి ఉన్న టీచర్లు రెండేళ్ళలోపు టెట్ పాసవ్వాలి, లేకపోతే ఉద్యోగం వదులుకోవాలి అని. ఈవిడకి యాభై రెండేళ్ళు. మన రాష్ట్రంలో రిటైర్మెంటు అరవై రెండు. అంటే ఇంకా పదేళ్ళుంది. అందుకని రాయాల్సి వచ్చింది.

"ఇరవై ఏళ్ళ పైన చెప్పానండీ. నా దగ్గర అ ఆలు దిద్దినవాళ్ళు ఇంజనీర్లయ్యారు. ఇప్పుడు నాకు చెప్పడం వచ్చో రాదో అని పరీక్ష పెట్టారు. నేను తప్పాను. అంటే ఇన్నాళ్ళూ నాకు రాకుండానే చెప్పానా?" అంది.

ఆమె గొంతులో కోపం లేదు, సిగ్గు ఉంది. ఆ సిగ్గు ఎక్కడ పుట్టిందో తర్వాత తెలిసింది. తన దగ్గర మూడో తరగతి చదువుకున్న ఒక అమ్మాయి అదే పరీక్ష రాసింది. జగ్గయ్యపేటలో ఏదో ప్రైవేటు స్కూల్లో చెప్తోంది ఆ పిల్ల. ఫలితాలొచ్చిన రోజు ఫోన్ చేసి, "పాసయ్యాను టీచర్, మీ దీవెన. మీకెన్ని వచ్చినయ్?" అని అడిగింది. ఈవిడ "సిగ్నల్ లేదమ్మా" అని పెట్టేసింది. తర్వాత ఆ పిల్ల నాలుగుసార్లు చేసినా ఎత్తలేదు. ఇంట్లో భర్తకి ఫలితాలు ఇంకా రాలేదని చెప్పింది. బడిలో తోటి టీచరుకి "ఏదో వచ్చినయ్లే" అంది.

"స్వామికి పదకొండు వారాలు ప్రదక్షిణం మొక్కుకున్నాను. ఇది మూడో వారం. ఈసారి పాస్ చేయిస్తాడంటారా?" అని అడిగింది.

ఆత్మబంధువులారా, ఇలాంటప్పుడు "తప్పకుండా పాసవుతావమ్మా" అనేస్తే ఆమెకి ఆ పూటకి సంతోషం. కానీ ఆ మాట అనే అధికారం నాకు లేదు. ఉన్నమాట చెప్పాను. "అమ్మా, స్వామి పేపర్లు దిద్దడు. ప్రదక్షిణం మార్కుల కోసం చెయ్యకు. మనసు నిలబడడం కోసం చెయ్యి. ముందు ఈ కొండ కథ విను" అన్నాను.

బ్రహ్మగారి చేతిలోంచే పోయాయి

సోమకాసురుడనే రాక్షసుడు బ్రహ్మదేవుడి దగ్గర్నుంచి వేదాలు ఎత్తుకుపోయి సముద్రం అడుగున దాచాడు. ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఎవరి దగ్గర్నుంచి పోయాయి? చదువుల తల్లికి భర్త ఆయన. సృష్టి మొత్తం ఆ వేదాల ఆధారంగానే చేస్తాడు. ఆయన చేతిలోంచే పోయాయి. అంతమాత్రాన ఆయన బ్రహ్మ కాకుండా పోయాడా? పోలేదు. వేదాలు అబద్ధమయ్యాయా? కాలేదు. పోయినవి పైనుంచి చూసి ఏడిస్తే రాలేదు. నారాయణుడంతటివాడు చేపరూపం ఎత్తి, నీళ్ళలోకి దిగి, అడుగుదాకా వెళ్ళి తెచ్చాడు.

తిరిగొచ్చిన వేదాలు మూర్తి ధరించి స్వామిని వేడుకున్నాయి. "మా శిరస్సు మీద నువ్వు కొలువుండాలి" అని. స్వామి వెంటనే సరే అన్లేదు. "నరసింహావతారంలో హిరణ్యకశిపుణ్ణి సంహరించాక వస్తాను, అప్పటిదాకా కొండగా ఉండండి" అన్నాడు. వేదాలంతటివి రాయిలాగా ఎదురుచూశాయి. ఆ ఎదురుచూసిన కొండే వేదాద్రి.

ఇక్కడ స్వామి ఐదు రూపాల్లో ఉన్నాడు. అందులో మూడు ఎక్కడున్నాయో గమనించండి. కొండమీద జ్వాలా నరసింహుడు. నదిలో సాలగ్రామ నరసింహుడు. గుడిలో యోగానంద నరసింహుడు. పైన మంట, కింద నీరు, మధ్యలో కూర్చున్న శాంతం. ఆ అమ్మతో అదే అన్నాను: "నువ్విప్పుడు కొండమీద మంట దగ్గరున్నావు. అక్కడ ఎవరూ ఎక్కువసేపు ఉండలేరు. దిగు."

ఒక్క కారణం కాదు, ఐదు

ఎలా దిగాలి? గీత పద్ధెనిమిదో అధ్యాయంలో పరమాత్మ ఒక లెక్క చెప్పాడు. ఏ పనికైనా ఐదు కారణాలుంటాయి. అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం. శరీరం, చేసేవాడు, పనిముట్లు, ప్రయత్నం, మన చేతిలో లేనిది. ఈ ఐదూ కలిస్తేనే పని. అంతా నేనొక్కణ్ణే చేశాను అనుకునేవాడు సరిగ్గా చూడనివాడు అని కూడా అన్నాడు. మనం ఆ మాటని గెలిచినప్పుడు గర్వం తగ్గించుకోవడానికి వాడతాం. ఓడినప్పుడూ అదే మాట. "నేనొక్కదాన్నే పనికిమాలినదాన్ని" అనుకోవడం కూడా సరిగ్గా చూడకపోవడమే.

మన మెట్ట రైతుని చూడండి. నల్లరేగడిలో పత్తి గింజ పెడతాడు. వాన ముఖం చాటేస్తే మొలక రాదు. "నేను రైతునే కాదు" అని పొలం గట్టుమీద కూర్చుంటాడా? గింజ మంచిదేనా, పదును ఉన్నప్పుడే పెట్టానా, లోతెక్కువైందా అని మట్టి తవ్వి చూస్తాడు. మళ్ళీ పెడతాడు. నష్టం లేదని కాదు. డబ్బూ పోయింది, అదనూ పోయింది. అయినా తవ్వి చూస్తాడు.

మేమూ అలాగే తవ్వి చూశాం, ఆ మెట్లమీద కూర్చుని.

"అధిష్ఠానం. ఆ రోజు ఒంట్లో ఎలా ఉందమ్మా?"

"ఉపవాసం ఉన్నానండీ, స్వామికి మొక్కుకుని. తెల్లవారుజామున బస్సెక్కాను. కళ్ళద్దాలు పాతవి, తెరమీద అక్షరాలు అలుక్కుపోయినయ్."

"కరణం. పనిముట్లు?"

"అదేనండీ. కంప్యూటర్లో రాయాలి. మౌస్ పట్టుకోవడమే సరిగా రాదు. ఒక ప్రశ్న నొక్కితే ఇంకోటి తెరుచుకునేది."

"చేష్ట. ఎలా చదివావు?"

"టెక్స్ట్ పుస్తకాలన్నీ చదివాను. గడియారం పెట్టుకుని మాత్రం ఒక్కసారీ రాయలేదు. నూట యాభై నిమిషాల్లో నూట యాభై ప్రశ్నలు. చివర పందొమ్మిది తెరిచే చూడలేదు."

"తప్పు రాస్తే మార్కులు తీసేస్తారా?"

"తియ్యరండీ."

తగ్గింది ఆరు మార్కులు. చూడకుండా వదిలింది పందొమ్మిది ప్రశ్నలు. ఆ మాట నేననలేదు. తనే వేళ్ళమీద లెక్కపెట్టుకుని చాలాసేపు నది వైపు చూస్తూ ఉండిపోయింది.

"మరి కర్త?" అన్నాను.

"కర్త భయపడిందండీ" అంది. అప్పుడు మొదటిసారి కొంచెం నవ్వింది.

ఐదింట్లో దైవం ఒక్కటి. మిగతా నాలుగూ మనం సరిచేసుకోగలిగినవే. ఇరవై ఏళ్ళ పైన చెప్పిన చదువు అబద్ధమని ఈ ఐదింట్లో ఏదీ అనడంలేదు. పరీక్ష అడిగింది ఆ రోజు, ఆ తెరమీద, ఆ నిమిషాల్లో ఎన్ని గుర్తించావని. పిల్లాడు ఏడిస్తే ఎలా ఊరుకోబెడతావని అది అడగలేదు. అడగలేదు గనక అది నీకు రాదని చెప్పే హక్కూ దానికి లేదు.

ఈ నిబంధన న్యాయమా అని మీలో కొందరు అడుగుతారు. ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్ళకి మళ్ళీ పరీక్షా అనే బాధ నిజమైన బాధే. పిల్లలకి చెప్పేవాళ్ళ అర్హత చూడాలనే మాటలోనూ నిజముంది. దాన్ని సంఘాలు, ప్రభుత్వాలు, కోర్టులు తేల్చుకుంటాయి. తేలేదాకా ఆ తల్లి పుస్తకం మూసి కూర్చుంటే నష్టం ఆమెకే.

పక్కన కూర్చోబెట్టడం

చివరికి ఒకటి అడిగాను. "అమ్మా, మీ బడిలో ఎక్కం తప్పు చెప్పిన పిల్లాణ్ణి ఏం చేస్తావు?"

"కొట్టనండీ నేను. బాగా చెప్పేవాడి పక్కన కూర్చోబెడతాను. రెండ్రోజుల్లో వాడే అందుకుంటాడు."

"వాడు సిగ్గుపడి బడికి రావడం మానేస్తే?"

"ఇంటికెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొస్తాను."

"మరి నిన్నెవరు తీసుకురావాలి? నాలుగుసార్లు ఫోన్ చేసినా నువ్వు ఎత్తలేదుగా" అన్నాను.

ఆమెకి వెంటనే అర్థమైంది. తలొంచుకుంది.

భాగవతంలో అవధూత ఇరవై నలుగురు గురువుల్ని చెప్పుకున్నాడు. అందులో భూమి ఉంది, గాలి ఉంది, తేనెటీగ ఉంది, చిన్నపిల్లాడూ ఉన్నాడు. గురువు తనకన్నా పెద్దదై ఉండాలని ఆయన అనుకోలేదు. మనం మాత్రం మన దగ్గర చదువుకున్న పిల్ల దగ్గర కూర్చోవడానికి చచ్చేంత సిగ్గుపడతాం. నిజానికి టీచరుకి అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ ఏముంది? నువ్వు నేర్పిన పిల్ల నీకు నేర్పగలిగే స్థితికి వచ్చింది.

ఆ సాయంత్రం ఆమె ఫోన్ చేసిందట. ఆ అమ్మాయి ఒక్క మాట కూడా గుచ్చకుండా, "ఆదివారం వస్తాను టీచర్, నా ల్యాప్‌టాప్ తెస్తాను" అందట. మొదటి ఆదివారం పాఠం మౌస్ పట్టుకోవడం. రెండో ఆదివారం గడియారం. ప్రదక్షిణాలు మానలేదు. కానీ పరీక్ష రోజు ఉపవాసం ఉండనని స్వామికి చెప్పుకున్నానంది. కొత్త కళ్ళద్దాలకీ ఇచ్చిందట. భర్తకి కూడా చెప్పేసింది. ఆయన "ఇన్నాళ్ళు ఒక్కదానివే మోశావా?" అన్నాడట. అది చెప్తున్నప్పుడు ఆమె గొంతు మళ్ళీ పూడుకుపోయింది.

ఆమె మళ్ళీ రాయబోతోంది. పాసవుతుందా? నాకు తెలియదు. ఆమెకీ తెలియదు. కానీ రోజూ ఉదయం తలెత్తుకుని బడికి పోతోంది. నేనడిగితే స్వామి ఇచ్చిన ఫలం అదే అంటాను.

మీ కోసం నాలుగు మాటలు

టెట్ ఒక్కటే కాదు. డిపార్ట్‌మెంటల్ టెస్టు కావచ్చు, బ్యాంకు ప్రమోషన్ పరీక్ష కావచ్చు, అమెరికాలో నర్సు లైసెన్సు పరీక్ష కావచ్చు. ఎవరు తప్పినా ఇవి గుర్తుంచుకోండి.

మొదటిది, దాచకండి. మీ మేలు కోరే ఒక్క మనిషికైనా ఆ రోజే చెప్పండి. మార్కులకన్నా దాచడమే ఎక్కువ కాలుస్తుంది.

రెండోది, ఐదు కారణాలూ కాగితం మీద రాసుకోండి. ఒక్కోదాని ఎదురుగా ఏం జరిగిందో, ఏం మార్చగలరో రాయండి. దైవం ఎదురుగా ఖాళీ వదిలి నమస్కారం పెట్టండి.

మూడోది, తెలిసినవాళ్ళ పక్కన కూర్చోండి. వయసు చూడకండి.

నాలుగోది ఇంట్లోవాళ్ళకి. తప్పినవాళ్ళకి మరుసటి రోజే లెక్కలు చెప్పకండి. ముందు అన్నం పెట్టండి. నిద్రపోనివ్వండి. వాళ్ళు మాటలు తగ్గించి, బతికి ఏం లాభం అన్నట్టు మాట్లాడితే తేలిగ్గా తీసుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు. 14416 నంబరుకి చేస్తే టెలి మానస్ వాళ్ళు రాత్రీపగలూ ఉచితంగా మాట్లాడతారు. అలా సాయం అడగడం భక్తి తక్కువై కాదు. మొసలి పట్టినప్పుడు గజేంద్రుడు పిలవడానికి సిగ్గుపడలేదు.

ఈసారి వేదాద్రి వెళ్ళినప్పుడు పైన జ్వాలా నరసింహుడికి దణ్ణం పెట్టుకుని అక్కడే ఆగిపోకండి. కిందికి దిగి కృష్ణలో మునగండి. యోగానందుడి ముందు కాసేపు ఊరికే కూర్చోండి. లేచాక ఇంటికెళ్ళి పుస్తకం తెరవండి.

స్వామి అందరినీ చల్లగా చూడాలి. స్వస్తి.