పోని మరకల పేరా

అంచనా కాగితం చేతికొస్తే నా కన్ను మొదట అట్టడుగు అంకె మీదికే పోతుంది. పైన రాసిందంతా ఆ అంకెకు తోరణం కట్టడమే అనుకునే రకం నేను. ఆస్టిన్ శివార్లలో ఉన్న మా ఇంటి పెరట్లో, సున్నపురాయి బండలు పరిచిన ప్యాటియో మీద నల్లటి పాకుడు పేరుకుపోయింది. దాన్ని కడిగించడానికి ఎస్టిమేట్లు తెప్పించినప్పుడూ అంతే చేశాను. అలా చేసినందుకు కాదు గానీ, చేస్తున్నప్పుడు నా మనసు ఎటు మొగ్గిందో తలచుకుంటే ఇప్పటికీ కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

ఒకతను అసలు ఇంటికే రాలేదు. ఫొటోలు, కొలతలు పంపమన్నాడు. ఇరవై అడుగులకు పదిహేను, అంటే 300 చదరపు అడుగులు. టీ చల్లారేలోపే ధర వచ్చేసింది. దాని కింద ఒకే ఒక్క వాక్యం: కొత్తదానిలా చేసిస్తాం.

ఇంకొకాయన స్వయంగా వచ్చాడు. టేపు తీయకముందే కప్పుడు నీళ్లడిగి ఓ మూల బండ మీద పోసి, ఎంతసేపట్లో పీల్చుకుంటుందో చూస్తూ గొంతుక్కూర్చున్నాడు. అతుకుల్లో ఇసుకను తాళంచెవితో గీకాడు. కుక్క ఉందా, గోడ పక్క మొక్కలేమిటి, బయటి కుళాయి ఎక్కడ అని ఒక్కొక్కటే అడిగాడు. కుళాయి ఎందుకంటే, వాళ్ల మిషను నిమిషానికి పదిహేను లీటర్ల దాకా తాగుతుందట, ఆ నీళ్లు మావే. కడిగిన నీళ్లు ఎటు పారతాయని కూడా అడిగాడు. ఇక్కడి ఊళ్లలో వీధి పక్కన వాననీటి కాలువలోకి పోయింది మామూలుగా ఏ శుద్ధీ లేకుండా దగ్గరి వాగులో కలుస్తుంది. బ్లీచు కలిసిన నీళ్లు అందులోకి వదలకూడదు. ఇన్నాళ్లుగా ఆ ఇంట్లో ఉంటూ మా పెరటి వాలు ఎటో నేను చూసుకోలేదు. వచ్చినాయన కాసేపట్లో చూసి చెప్పాడు.

మర్నాడు కాగితం వచ్చింది. ముందు మొక్కల్ని మంచినీళ్లతో తడుపుతారు. పాకుడు చావడానికి సోడియం హైపోక్లోరైట్ పల్చగా కలిపి చల్లుతారు, అది ఇంట్లో వాడే బ్లీచు జాతిదే. కాసేపు నాననిచ్చి తక్కువ ఒత్తిడితో కడిగి, మొక్కల్ని మళ్లీ తడుపుతారు. తక్కువ ఒత్తిడి అని గీత గీసి మరీ రాశాడు. గట్టి కాంక్రీటు 3000 పీఎస్‌ఐ దాకా తట్టుకోవచ్చు గానీ, అదే ధార సున్నపురాయి మీద పెడితే పైపొర లేచిపోయి గీతలు పడతాయి, ఆ గీతల్ని మళ్లీ ఎవరూ పూడ్చలేరు. అతుకుల్లో కొట్టుకుపోయే ఇసుక తిరిగి నింపడానికి ఇంత, బండలు పూర్తిగా ఆరాక సీలరు వేయాలంటే విడిగా ఇంత, అది వేయించుకోకపోయినా ఫరవాలేదు. వాళ్ల బీమా పత్రం నకలు ఒకటి. ధర మొదటివాడిదానికన్నా బాగా ఎక్కువ.

వీటన్నిటికీ కింద, అంకెకు సరిగ్గా పైన, ఒక పేరా ఉంది. ఓక్ ఆకులు కుళ్లి పడ్డ గోధుమరంగు మచ్చలు చాలావరకు పోతాయి. గ్రిల్లు దగ్గర ఇంకిన నూనె పలచబడుతుంది, పూర్తిగా పోదు. ఇనప కుర్చీ కాళ్ల తుప్పు మరకలు ఉండిపోతాయి, తుప్పు తీసే మందుల్లో ఎక్కువ భాగం ఆమ్లాలు, అవి ఈ రాయిని తినేస్తాయి. తెల్లటి పూత మురికి కాదు, కింది సిమెంటులోని ఉప్పు తేమతో పైకి వచ్చి ఆరింది. కడిగితే పోతుంది, తేమ ఉన్నంతకాలం మళ్లీ వస్తుంది.

ఆ పేరా చదివాక మనసు మొదటివాడి వైపు మొగ్గింది. డబ్బు ఒక్కటే కారణమైతే సులువుగా ఒప్పుకునేవాణ్ణి. అది కాదు. ‘పోదు’ అనే మాట కాగితం మీద చూడగానే ఈయనకు పని రాదేమో అనిపించింది. డబ్బిచ్చి మరీ లోపాల చిట్టా కొనుక్కోవడమేమిటనిపించింది. ‘చూద్దాం’ అన్న డాక్టరును వదిలి, ‘తగ్గిపోతుంది’ అన్న డాక్టరు దగ్గరికి పరుగెత్తే ఇళ్లలో పెరిగాం. ధీమాగా చెప్పినవాడికే విద్య ఉందని నమ్మడం నాకు అక్కడే అలవాటైంది.

ఆదివారం వీడియో కాల్‌లో అమ్మకు ఆ బండలు చూపించాను. బేతంచెర్ల బండల ఇంట్లో కాపురం చేసిన మనిషి, అవీ సున్నపురాయే. “ఏం పోస్తాడంటరా?” అంది. రెండో ఆయనది చెప్పాను. మొదటివాడిది నాకు తెలీదు, అడగలేదు. “అడుగు ముందు. యాసిడ్ పోయనీయొద్దురా, బండ మెరుపు పోతాది” అంది. దానికి తోడు బ్లీచూ యాసిడ్డూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుందన్నది ఇంటర్ కెమిస్ట్రీలో నేను మార్కులు తెచ్చుకున్న సంగతే. ధర మాత్రం అడిగి, ఏం పోస్తారో అడగని బుద్ధి ఏ కాలేజీ ఇచ్చిందో తెలీదు.

ఇంతకీ నేను బతుకుతున్నదే అంచనాలు రాసి. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు ఎన్ని వారాలు, ఎంతమంది అని లెక్కలు కట్టి పంపడం నా ఉద్యోగంలో సగం. తెలియని చోట కాస్త గాలి కలుపుతాను, భయమున్న చోట గట్టిగా రాస్తాను. క్లయింటు పాత డేటాబేసులో ఎంత చెత్త ఉందో తెరిచి చూడకుండానే ‘సజావుగా మారుస్తాం’ అని రాసిన సందర్భాలున్నాయి. ఫొటో చూసి ధర పంపినవాడి మీద నాకు కోపం రాకపోవడానికి కారణం అదే అయ్యుంటుంది. మా ఇద్దరిదీ ఒకటే వృత్తి. తనవల్ల కాని సంగతి రాసిపెట్టిన రెండో మనిషిలో నాకు నచ్చనిదేదో ఉంది. మెచ్చుకోవాల్సిన చోట చిరాకు పడ్డానంటే, అది అసూయ కావచ్చు.

చివరికి ఆయనకే పని ఇచ్చాను. అందులోనూ శుద్ధమైన వివేకమేమీ లేదు, అమ్మ మాట సగం, బీమా పత్రం సగం. బేరమూ ఆడాను. సీలరు వద్దంటే ఎంత తగ్గుతుందన్నాను, అది ముందే విడిగా వేశానని నెమ్మదిగా గుర్తుచేశాడు. పాకుడు పోయింది, తుప్పు ఉంది, చలికాలం తర్వాత ఉప్పూ వచ్చింది. కాగితంలో ఉన్నట్టే.

ఆ మధ్య ఆఫీసులో ఓ పెద్ద అంచనా రాస్తూ, చివర ‘ఈ పనిలో బాగుపడనివి’ అని శీర్షిక పెట్టి నాలుగు అంశాలు చేర్చాను. మేనేజరు పక్కన వ్యాఖ్య పెట్టాడు: క్లయింటుకు వెళ్లే కాగితంలో ఇది అవసరమా? కాసేపు ఆలోచించినట్టు కనిపించేంత సేపు ఆగి, అవసరం లేదని జవాబిచ్చి, తీసేశాను.