రంగు టీకయా, ప్రక్షిప్తమా?

గతించినవారి ముఖములకు రంగులద్దుటకు మనకు అధికారము కలదా? ప్రశ్న వింతగా దోచవచ్చును. కాని 1914-18, 1939-45 సంవత్సరములనాటి మహాయుద్ధముల నలుపు తెలుపు ఛాయాచిత్రములకు కంప్యూటరు సహాయమున రంగులు వేయుట నేడు సర్వసాధారణమైనది. ఆధారములు వెదకి, దినముల తరబడి శ్రమించి వేయువారు కొందరు. మీట నొక్కిన క్షణముననే రంగులొలికించు యంత్రమును నమ్ముకొనువారు మరికొందరు. చూచువారు మాత్రము రెండింటిని ఒకే తీరున చూచి ఆనందించుచున్నారు. ఆ ఆనందము నిర్దోషమేనా యని విచారింపవలసి యున్నది.

రంగులు వేయువారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. యుద్ధము జరిగిన నాడు లోకము బూడిదవన్నెతో లేదు. గడ్డి పచ్చగనే యున్నది, నెత్తురు ఎఱ్ఱగనే యున్నది. లూమియేర్ సోదరులు 1907లో అమ్మకమునకు తెచ్చిన ఆటోక్రోమ్ పలకలతో ఫ్రెంచివారు మొదటి మహాయుద్ధమును కొంతవరకు రంగులలోనే చిత్రించిరి. నలుపు తెలుపు ఆనాటి సాధనముల లక్షణమేగాని ఆనాటి జీవితపు లక్షణము కాదు.

ఆ వాదమునకు బలమిచ్చు ఉదాహరణము ఒకటి కలదు. చెస్వావా క్వోకా పోలండు దేశపు బాలిక. 1942 డిసెంబరులో ఆమెను ఆష్విట్జ్ నిర్బంధశిబిరమునకు తరలించిరి. 1943 మార్చిలో, పదునాలుగేండ్ల ప్రాయమున, ఆమె అచ్చటనే మరణించినది. ఆమె చిత్రమును తీసిన విల్‌హెల్మ్ బ్రాస్సె తానును ఖైదీయే. చిత్రము తీయుటకు ముందు కావలి స్త్రీ ఆ బాలికను ముఖముపై కొట్టెనని ఆయన తరువాతి కాలమున చెప్పెను. బ్రెజిలు దేశీయురాలు మరీనా అమరాల్ 2018లో ఆ చిత్రమునకు రంగులు వేయగా పెదవిపై గాయము స్పష్టముగా కంటబడినది. ఆమె దుస్తుపై ముక్కోణపు గుర్తు ఎఱుపు. అది రాజకీయ ఖైదీలకు శిబిరమువారు ఇచ్చిన గుర్తు. ఇచ్చట గాయము చిత్రములోనిది, ముక్కోణపు ఎఱుపు చరిత్రలోనిది. రంగు సాక్ష్యమును మార్చలేదు, మన కన్నులను దానివైపు త్రిప్పినది.

అయినను ప్రతి రంగునకు ఇట్టి ఆధారము లేదు. మొదటి మహాయుద్ధమునాటి గాజుపలకలలో పెక్కింటి రసాయనలేపము నీలికాంతికి చురుకుగా స్పందించును, ఎఱుపును దాదాపు గుర్తింపదు. అందుచే నీలాకాశము తెల్లబారును, ఎఱ్ఱని వస్త్రము నల్లబడును. ఆ బూడిదవన్నెనుండి అసలు రంగును తిరిగి రాబట్టు గణితము లేదు. యంత్రము తాను నేర్చిన చిత్రములలో తరచుగా కనిపించు రంగును ఊహించి వేయును. తరచుగా ఉండునది వేరు, ఆనాడు అచ్చట నుండినది వేరు. 1914లో ఫ్రాన్సునందు దిగిన భారతసైనికుని ఖాకీ తలపాగాకు యంత్రము పెండ్లివారి ఎఱుపు పూసినచో, చూచువాడు దానినే చరిత్రయని నమ్మును.

ఊహ వస్త్రముతో ఆగక ముఖమునకు ప్రాకినప్పుడు అపచారమగును. ఖ్మేర్ రూజ్ పాలనలో, 1975-79 నడుమ, కంబోడియాలోని తువోల్ స్లెంగ్ చెరసాలలో వేలాదిమందిని హింసించి చంపిరి. చంపుటకు పూర్వము వారి చిత్రములు తీసిరి. 2021లో ఒక వర్ణకారుడు వానికి రంగులు వేయుటయేగాక కొన్ని ముఖములపై చిరునవ్వులను గూడ కల్పించెను. హతుల బంధువులును, కంబోడియా సాంస్కృతిక మంత్రిత్వశాఖయు తీవ్రముగా నిరసింపగా, ప్రకటించిన పత్రిక ఆ చిత్రములను ఉపసంహరించుకొన్నది. భయపడినవానికి నవ్వు తగిలించుట అతని చివరి వాఙ్మూలమును దిద్దుటయే. కాదని చెప్పుటకు అతడు లేడు.

మరి హద్దు ఎచ్చట? మన సాహిత్య సంప్రదాయమే ఒక దారి చూపుచున్నది. కాళిదాస కావ్యములకు వ్యాఖ్యలు రచించిన కోలాచల మల్లినాథసూరి మూలమున లేనిదానిని వ్రాయనని నియమము పెట్టుకొనెను. వ్యాఖ్యాత మూలశ్లోకమును ముందుంచి, తన మాటను వేరుగా వ్రాయును. చదువరికి ఏది కవిది, ఏది వ్యాఖ్యాతది యని తెలియును. అట్లుగాక తన పద్యమును కవి పద్యముల నడుమ చొప్పించి ఊరకుండువాని పనిని మనము ప్రక్షిప్తమందుము. ఆ పద్యము ఎంత మనోహరమైనను మోసము మోసమే. రంగులద్దుటకును ఇదియే కొలత. మూలచిత్రము ప్రక్కనుండి, ఆధారము చెప్పబడి, ఊహ ఊహగా ఒప్పుకొనబడినచో ఆ రంగు టీక. ఇవి లేనిచో ప్రక్షిప్తము.

ఈ విచారము దూరదేశములకే పరిమితము కాదు. బెంగుళూరు కేంద్రముగా గల మద్రాసు శాపర్ల దళమునను, ఇతర దళములందును మనవారు పనిచేసిరి. వారి చిత్రములు కొన్ని ఇండ్ల గోడలపై వెలిసిపోవుచున్నవి. తాతగారి ముఖమునకు జీవకళ తేవలెనని మనుమలు కోరుట సహజము, ప్రేమయే దానికి కారణము. అట్లు చేయుడు, కాని పాత చిత్రమును పారవేయకుడు. క్రొత్తదాని వెనుక ఏ రంగు తెలిసి వేసినది, ఏ రంగు ఊహించి వేసినది వ్రాసి యుంచుడు. పరభాషల నడుమ తరతరములుగా తల్లిభాషను నిలుపుకొన్న కుటుంబములకు మూలము యొక్క విలువ వేరుగా చెప్పవలసిన పనిలేదు. మన తరువాతివారు ఆ రెండు చిత్రములను ప్రక్కప్రక్కన చూచి, తాతగారెవరో, తాతగారిపై మన ప్రేమ ఎట్టిదో, వేరువేరుగా తెలిసికొందురు.