చెల్లని పెళ్లి, చెల్లిన బిడ్డ

1197లో కాస్తీల్ రాకుమారి బెరెంగెలా లియోన్ రాజు తొమ్మిదో అల్ఫోన్సోను పెళ్లాడింది. అతను ఆమె తండ్రికి పినతండ్రి కొడుకు; మన లెక్కలో బాబాయి వరస. రెండు రాజ్యాల మధ్య శాంతి కోసం చేసిన పెళ్లి అది. వరస మరీ దగ్గరిదని పోప్ మూడో ఇన్నోసెంట్ అది చెల్లదన్నాడు. ఐదుగురు పిల్లలు పుట్టాక, 1204లో దంపతులు విడిపోయారు.

మరి పిల్లలు? వాళ్లను సక్రమ సంతానంగానే గుర్తించారు. 1217లో బెరెంగెలా తమ్ముడు, కాస్తీల్ రాజు ఎన్రీకే తలమీద పెంకు పడి చనిపోతే, ఆమె తనకు దక్కిన కిరీటాన్ని వాయదోలిద్‌లో కొడుకు ఫెర్నాండోకు అప్పగించింది. 1230లో లియోన్ కూడా అతనిదే అయింది. 1671లో ఆ పెళ్లి చెల్లదన్న చర్చే అతన్ని సెయింటుగా ప్రకటించింది.

వావివరసల నియమం తప్పని నేననను. కానీ పెద్దల దోషాన్ని బిడ్డ నెత్తిన రుద్దడం ధర్మమంటే ఒప్పుకోను. పుట్టుక ఎవరి చేతుల్లోనూ లేదు. దానికి శిక్ష వేసే హక్కు ఏ మతానికీ లేదు.