సత్రములో లేచినవాడు



లూకా సువార్త 10వ అధ్యాయములోని మంచి సమరయుని ఉపమానమును మనము ఎన్నిసార్లు వింటిమో లెక్క లేదు. యాజకుడు ఏల తప్పుకొనిపోయెను, సమరయుడు ఏల ఆగెను అని ప్రసంగములు వింటిమి. కాని దెబ్బలు తిని పడియున్న మనిషిని గూర్చి ఎవరు తలంచిరి? మరునాడు సత్రములో కన్నులు తెరచి, ఒళ్లంతయు నొప్పితో, చేతిలో కాసు లేక ఉన్నప్పుడు అతడు ఏమి చేయవలెను? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల దారులలో పనికి తిరుగు మనకు ఇది దూరపు ప్రశ్న కాదు.

మొదటిది, అతడు తన్ను ఎత్తనిచ్చెను. ఎత్తినవాడు తన జనులు అంటరాదనుకొన్న సమరయుడు. గాయమునకు కులము లేదు. ఎక్కించు నెత్తురునకును లేదు. మన పల్లెలలో పడినవాడు మొదట చేయు పొరపాటు "ఏమీ కాలేదులే" అని లేచి ఇంటికి పోవుట. తలకు తగిలిన దెబ్బ గంటల తరువాత బయటపడవచ్చును. వాంతులైనను, మత్తుగా నిద్ర వచ్చుచున్నను ఆలస్యము కూడదు. నెత్తురు కారుచున్నచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టవలెను, కాఫీపొడి చల్లరాదు. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు కట్టించు అలవాటు మన సీమలో పాతదే. అయినను ముందుగా ఆసుపత్రిలో ఎక్సురే తీయించుడి. 2005లో మన రాష్ట్రమున మొదలైన 108 బండి పిలిచిన వచ్చును. లండను మిషనువారు జమ్మలమడుగులో క్యాంబెల్ ఆసుపత్రిని నిలిపిరన్న సంగతి మనకు తెలియును. వైద్యుని చేతిని అంగీకరించుట అవిశ్వాసము కాదని ఆ గోడలే చెప్పుచున్నవి.

రెండవది, "వాడు ఏ పాపము చేసెనో" అను మాట. మంచము చుట్టు చేరినవారు ఈ మాట అందురు; పడినవాడును రాత్రివేళ తనలో తాను అనుకొనును. సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చచ్చినప్పుడు, వారు తక్కినవారికంటె పాపులు కారని ప్రభువు స్పష్టముగా చెప్పెను (లూకా 13). ఆ భారమును దించివేయుడి.

మూడవది కష్టమైనది. ఒక సహోదరుడు చేనుపనికి పోవుచుండగా ట్రాక్టరు తగిలి కాలు విరిగినదనుకొందము. సాయంత్రము పెద్దమనుష్యులు కూర్చుండి, "ఈ పదివేలు పుచ్చుకొని కేసు లేకుండ చేయుము. నీవు క్రైస్తవుడవు గదా, క్షమించుము" అందురు. అతడేమి చెప్పవలెను?

క్షమించుట పగను విడుచుట. తోలినవాని చేయి పట్టుకొని, "నీమీద నాకు కోపము లేదు" అని మనసార చెప్పవలెను. పరిహారము వేరు సంగతి. ఆ కాలు అతనిది మాత్రమే కాదు; దానిమీద భార్యాబిడ్డల అన్నము నిలిచియున్నది. తన వంతు కోపమును అతడు వదలుకొనవచ్చును. బిడ్డల వంతు అన్నమును వదలుకొనుటకు అతనికి అధికారమేది? నిర్గమకాండము 21వ అధ్యాయములో, ఒకని కొట్టి మంచమున పడవేసినవాడు అతని పని చెడిన దినములకు సొమ్మిచ్చి పూర్తిగా బాగుచేయింపవలెనని దేవుడే విధించెను. దేవుడు నియమించినదానిని అడుగుట దురాశ కాదు.

"సహోదరులు ఒకరిమీద ఒకరు వ్యాజ్యెమాడుటను పౌలు ఖండింపలేదా?" అందురేమో. ఖండించెను (1 కొరింథీ 6). ఒకరినొకరు ఓడింపవలెనను పంతమును, అన్యాయమును అతడు ఖండించెను. జరిగినది జరిగినట్లు పోలీసులకు చెప్పుట పంతము కాదు. ప్రతి బండికిని ఎదుటివారి నష్టమునకు బీమా ఉండవలెనని చట్టము. బీమా సరిగా ఉన్నచో సాధారణముగా సొమ్ము ఇచ్చునది కంపెనీయే గాని ఆ డ్రైవరు కుటుంబము కాదు. గాయపడినవాడు తాను నివసించు ప్రాంతపు ట్రిబ్యునలులోనే అర్జీ వేసికొనవచ్చును. ఆరు నెలలు దాటనీయక వేయుట మేలు. ఢీకొని పారిపోయిన బండి ఏదో తెలియకపోయినను, తీవ్రగాయమునకు 50,000 రూపాయలు ఇచ్చు ఏర్పాటు 2022 నుండి ఉన్నది.

అయితే ఒక హెచ్చరిక. ఆ పెద్దమనుష్యులే మరియొక దారి చూపుదురు: "బీమా లేని బండికి బదులు బీమా ఉన్న బండి పేరు వ్రాయింతము. త్రాగియున్న సంగతి చెప్పవద్దు. నొప్పి రెండింతలు చెప్పుము." ప్రియులారా, కాలు విరిగినను నిలువవచ్చును, సాక్ష్యము విరిగినచో నిలువలేము. తప్పు కొంత మనదైన, అదియు చెప్పవలెను. సత్యముతో వచ్చిన కొంచెము చాలును.

కడపట, సత్రములోనివాడు బాగుపడి మరల అదే దారిని నడిచియుండును గదా. అప్పుడు పడినవాడెవడైన కనబడిన అతడు తప్పుకొని పోగలడా? కేసులో ఇరుకుకొందుమని మనము భయపడుదుము. మంచిమనసుతో ఆదుకొన్నవానిని బాధింపరాదని సుప్రీము కోర్టు 2016లో చెప్పెను. 2019లో మోటారు వాహనముల చట్టములోనే ఆ రక్షణను చేర్చిరి. ఆ సహాయకుడు తన పేరు చెప్పనక్కరలేదు. సత్రమువానికి సొమ్మిచ్చి వెళ్లిన సమరయుడును పేరు చెప్పినట్లు ఉపమానములో లేదు.

గాయపడినవారలారా, సిగ్గుపడక సహాయము పుచ్చుకొనుడి. పగ విడిచి న్యాయము అడుగుడి. అడుగునప్పుడు సత్యమే పలుకుడి. లేచిన తరువాత, దారిని పడియున్న మరియొకనియొద్ద ఆగుడి. ప్రభువు మనకట్టి కృప దయచేయును గాక. ఆమేన్.