కమ్మరి లేని దేశం

సమూయేలు మొదటి గ్రంథం 13వ అధ్యాయం చివర, యుద్ధ వార్తల మధ్య, మనం తొందరగా దాటిపోయే ఒక సంగతి ఉంది. ఆ రోజుల్లో ఇశ్రాయేలు దేశమంతటా ఒక్క కమ్మరి కూడా లేడు. హెబ్రీయులు కత్తులు, ఈటెలు చేయించుకోకుండా ఫిలిష్తీయులు కట్టడి చేశారు. నాగటి కర్రు మొద్దుబారినా, గొడ్డలి పదును పోయినా రైతు ఫిలిష్తీయుల దగ్గరికే వెళ్లాలి, అక్కడి కూలి చెల్లించాలి. పొలం అతనిదే, నాగలి అతనిదే. దాన్ని బాగుచేసే విద్య మాత్రం ఇంకొకరి చేతిలో ఉంది.

ఈ రోజుల్లో కారు ఉన్నవారి మాటలు వింటే ఆ రైతే గుర్తొస్తాడు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్ల కాలంలో విజయవాడ ఆటోనగర్ మెకానిక్ ఇంజిన్ శబ్దం విని జబ్బు చెప్పేవాడు. స్పానర్లు, స్క్రూడ్రైవర్, అనుభవం ఉంటే చాలా పనులు జరిగిపోయేవి. ఇప్పుడు కొన్ని కార్లలో బ్యాటరీ మార్చినా ఆ సంగతి కారులోని కంప్యూటర్‌కు తెలియజేయాలి. ముందు అద్దం పగిలితే, దాని వెనుక ఉన్న కెమెరాను మళ్లీ సరిచూడాలి. బల్బు మార్చితే సరిపోయే చోట హెడ్‌లైటు మొత్తం మార్చాల్సి వస్తోంది. మనం డబ్బిచ్చి కొన్న వస్తువే, కానీ దాన్ని విప్పి చూడటానికి వేరొకరి అనుమతి కావాలి. అలాంటప్పుడు దాని యజమాని ఎవరు?

ఇక్కడ న్యాయంగా ఆలోచించాలి. ఎయిర్‌బ్యాగులు, జారకుండా ఆపే బ్రేకులు ఎన్నో ప్రాణాలు కాపాడాయి. పొగ తగ్గించే పరికరాల వల్ల మన పిల్లలు కాస్త మంచి గాలి పీలుస్తున్నారు. ఇవన్నీ ఉన్న కారు పాత కారంత సులువుగా ఉండదు. గుండె ఆపరేషన్ కష్టమని డాక్టర్‌ను నిందించం కదా. కాబట్టి కష్టం రెండు రకాలు. ఒకటి పని స్వభావంలోనే ఉన్న కష్టం. రెండోది, బయటివాడు బాగుచేయకూడదని కావాలని వేసిన తాళం. మొదటిదాన్ని ఓర్చుకోవాలి. రెండోదాన్ని ప్రశ్నించాలి.

ప్రశ్నించినవారు ఉన్నారు. భారతదేశపు పోటీ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. విడిభాగాలు, లోపం కనిపెట్టే పరికరాలు బయటి గ్యారేజీలకు అందనివ్వడం లేదన్నది అభియోగం. ఆ వ్యవహారం అప్పీళ్లకు వెళ్లినా, లేచిన ప్రశ్న మాత్రం నిలిచే ఉంది. సింగపూర్‌లో కూడా, బయటి వర్క్‌షాపులో సర్వీసు చేయిస్తే వారంటీ పోతుందన్న షరతుపై పోటీ కమిషన్ విచారించిన తర్వాత, 2017లో డీలర్లు ఆ షరతును తొలగించారు. అమెరికాలో మసాచుసెట్స్ ప్రజలు 2012లో, మళ్లీ 2020లో రిపేరు హక్కు కోసం ఓటు వేశారు.

సింగపూర్‌లో మనకు ఇంకో సంగతి తోడవుతుంది. 1990 నుండి ఇక్కడ కారు కొనాలంటే సీఓఈ కావాలి. దాని గడువు పదేళ్లు. ఆ తర్వాత ఐదేళ్లకో పదేళ్లకో మళ్లీ డబ్బు కట్టి పొడిగించుకోవాలి, లేదా కారును వదులుకోవాలి. రోడ్లకే దాదాపు 12 శాతం నేల పోతున్న చిన్న ద్వీపం ఇది. కార్ల సంఖ్యకు హద్దు పెట్టడంలో న్యాయం ఉంది. కానీ ఆ గడువు మన మనసుకు ఒక అలవాటు నేర్పుతుంది. ఎనిమిదో ఏడు వచ్చేసరికి, "ఇంకో రెండేళ్లేగా, ఇప్పుడు బాగుచేయించడం ఎందుకు?" అంటాం. బండి ఆయుష్షును ఇంజిన్ కాక కాగితం నిర్ణయిస్తుంది.

మన సంఘాల్లో చాలామందికి కారే లేదు, ఎంఆర్‌టీ, బస్సులే మన వాహనాలు. అయినా ఫోను, వాషింగ్ మెషీన్, లాప్‌టాప్ విషయంలో కథ ఇదే.

అయితే తప్పంతా కంపెనీలదేనా? మెకానిక్ రెండు గంటలు కూర్చుని తీగ ఎక్కడ తెగిందో వెదికితే, "ఇంత చిన్న పనికి ఇంత కూలా?" అని బేరమాడతాం. అదే భాగం మొత్తం మార్చి అంతకు ఎన్నో రెట్లు బిల్లు ఇస్తే మాట్లాడకుండా కట్టేస్తాం. వస్తువుకు ధర ఇస్తాం, విద్యకు ఇవ్వం. అలాంటప్పుడు ఏ కుర్రవాడు ఆ విద్య నేర్చుకుంటాడు? ఇశ్రాయేలులో కమ్మరి లేకుండా చేసింది శత్రువులు. మన మధ్య కమ్మరి లేకుండా పోతే అందులో మన బేరాల పాత్ర కూడా ఉంటుంది.

మన ఆరాధనల్లో షిప్‌యార్డుల్లో చేతులతో పనిచేసే సహోదరులు, సాఫ్ట్‌వేర్ రాసే సహోదరీ సహోదరులు ఒకే వరుసలో కూర్చుంటారు. ఈ ప్రశ్న ఇద్దరికీ చెందుతుంది. మనం రాసే ప్రోగ్రాములో ఒక తాళం ఉంటే, అది మనుషుల భద్రత కోసమా, లేక వారు మన దగ్గరికే మళ్లీ మళ్లీ రావాలనా? ఆ మాట మీటింగులో అడగడానికి ధైర్యం కావాలి. అడగగలిగిన చోట విశ్వాసి అడగాలి.

మిగిలినవారం చేయగలిగినవీ ఉన్నాయి. కొనేముందే, దీన్ని బయట బాగుచేయగలరా, విడిభాగాలు దొరుకుతాయా అని అడగవచ్చు. సిన్ మింగ్‌లోనో కాకీ బుకిత్‌లోనో నమ్మకంగా పనిచేసే మెకానిక్ తెలిస్తే నలుగురికీ చెప్పవచ్చు. ఇంటి వస్తువులు బాగుచేసుకోవడం నేర్పే స్వచ్ఛంద సేవకులు 2014 నుండి రిపేర్ కోపిటియామ్ పేరుతో ఇక్కడ పనిచేస్తున్నారు. పిల్లలను ఒకసారి అలాంటి చోటికి తీసుకెళ్లవచ్చు.

ప్రభువు యాకోబును, యోహానును పిలిచినప్పుడు వాళ్లు దోనెలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారని మార్కు రాశాడు. తెగిన వలను పారేయకుండా, ముడి వెంట ముడి వేసుకుంటున్న చేతులవి. దేవుడు మనకు అప్పగించినవాటికి మనం గృహనిర్వాహకులం. వాటిని ఓపికగా బాగుచేసే మనిషికి బేరమాడకుండా తగిన కూలి ఇవ్వడం కూడా ఆ బాధ్యతలో భాగమే.