దించిన బరువు ఎక్కడికి పోతుంది?

అమెరికాలో తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే మాట్లాడుకునే బరువులు ఒకప్పుడు రెండే. ఒకటి ఇండియా ప్రయాణంలో పెట్టెకి విమానంవాళ్ళు ఒప్పుకునే బరువు. రెండోది నలభై దాటాక చెప్పకుండా వచ్చే ఒంటి బరువు. ఇప్పుడు మూడోది కూడా చేరింది, వీపు మీద సంచీ బరువు. శలవు దొరికితే షెనాండోవాకో, యోసెమిటీకో, గ్రాండ్ కాన్యన్‌కో వెళ్ళి, కొండల్లో నడిచి, రాత్రి గుడారంలో పడుకుని వచ్చే అలవాటు మనవాళ్ళలోనూ బాగానే పాకింది. ఈ పిచ్చి ముదిరినవాళ్ళని గుర్తుపట్టడం తేలిక. వంటింటి త్రాసు మీద చెంచాలూ, మేజోళ్ళూ తూస్తూ ఉంటారు. టూత్‌బ్రష్ పిడిని సగానికి కోసేస్తారు. ఎక్సెల్‌లో ఒక పట్టిక వేసి ఔన్సుల్లో కూడికలు చేస్తారు. నేనూ ఆ కులంవాణ్ణే. ప్రోగ్రాముల్లో అక్కర్లేని లైన్లు పీకేసి బతికేవాడికి సంచీలో అక్కర్లేని ఔన్సులు పీకెయ్యడం చెప్పకుండానే వస్తుంది.

తెలియనివారి కోసం లెక్క చెబుతాను. తిండీ, నీళ్ళూ, పొయ్యి ఇంధనమూ దారిలో తరిగిపోయేవి కనక వాటిని పక్కన పెడతారు. మిగిలిన సామాను మొత్తాన్ని ‘బేస్ వెయిట్’ అంటారు. అది ఇరవై పౌన్ల లోపుంటే ‘లైట్’, పది పౌన్ల లోపుంటే ‘అల్ట్రాలైట్’. పది పౌన్లంటే సుమారు నాలుగున్నర కిలోలు. సంచీ, గుడారం, పడక, ఈ మూడే అసలు బరువులు కనక పొదుపు అక్కణ్ణించే మొదలెట్టాలి. టూత్‌బ్రష్ కోయడం ఆ తర్వాత, ఎక్కువగా ఆత్మతృప్తి కోసం.

ఈ లెక్కలు వేస్తున్నకొద్దీ మనిషిలో ఒక చిన్న గర్వం మొలుస్తుంది. “ఇంత తక్కువతో బతకొచ్చన్నమాట!” అనిపిస్తుంది. రాత్రి నెగడు దగ్గర అపరిగ్రహం గురించీ, వైరాగ్యం గురించీ మాట్లాడబుద్ధేస్తుంది. నాకు అనుమానం వచ్చేది సరిగ్గా అక్కడే. గ్యారేజీలో రెండు కార్లు, నేలమాళిగ నిండా కొన్నాక విప్పని పెట్టెలు పెట్టుకుని, మూడు రోజులు తొమ్మిది పౌన్లతో తిరిగొస్తే అది వైరాగ్యమవుతుందా? డైనీమా అనే బట్టతో కుట్టిన గుడారం పౌను, పౌనున్నర ఉంటుంది. ధర ఆరేడు వందల డాలర్లు. సన్యాసి వదిలేసినదాన్ని మళ్ళీ కొనుక్కోడు. మనం బరువైన గుడారాన్ని వదిలేసి, దాన్నే తేలికైన రూపంలో నాలుగు రెట్లు పోసి కొంటున్నాం.

అందువల్ల ఎంత తగ్గించావన్న ప్రశ్నలో నాకు పెద్ద నీతి కనిపించదు. తగ్గించినది ఎక్కడికి పోయిందన్న ప్రశ్నలో కనిపిస్తుంది. సంచీలోంచి తీసేసిన బరువు చాలాసార్లు మాయమవదు, చోటు మారుతుంది. కొంత పర్సు మీద పడుతుంది. కొంత బుర్ర మీద పడుతుంది, అంటే వస్తువు చేసే పనిని మన నేర్పు చెయ్యాల్సివస్తుంది. కొంత పక్కవాడి భుజం మీద పడుతుంది. మిగిలింది ఆ నేల మీదా, మన తర్వాత వచ్చేవాళ్ళ మీదా పడుతుంది. మొదటి రెండూ మన సొంత వ్యవహారం. తర్వాతి రెండూ కావు.

బుర్ర మీదికి బరువు మార్చుకున్నవాళ్ళలో రే జార్డీన్ ముఖ్యుడు. అంతరిక్ష రంగంలో ఇంజనీరుగా పనిచేసి, కొండలెక్కడంలో పేరు తెచ్చుకుని, తర్వాత కాలినడక పట్టాడు. పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ మీద నడిచేవారి కోసం 1992లో ఆయన రాసిన పుస్తకం నుంచే ఇవాళ్టి అల్ట్రాలైట్ పద్ధతి చాలావరకు పుట్టిందంటారు. ఆయనా, ఆయన భార్యా సామాను సొంతంగా కుట్టుకున్నారు. గుడారం బదులు ఒక పరదా కట్టుకోవాలంటే గాలి ఎటు వీస్తుందో, నీరు ఎటు పారుతుందో చూడటం రావాలి. అది నిజమైన మార్పిడి. వస్తువు ఇచ్చి జ్ఞానం తీసుకోవడం.

ఆయనకన్నా చాలా ముందే ఎమా గేట్‌వుడ్ అనే ఆవిడ ఉంది. ఒహాయో రాష్ట్రపు రైతు కుటుంబంలో పదకొండు మంది పిల్లల్ని పెంచి, చెయ్యి చేసుకునే మొగుణ్ణించి విడాకులు తీసుకుని, 1955లో అరవయ్యేడేళ్ళ వయసులో అపలాచియన్ ట్రెయిల్‌ని జార్జియా నుంచి మేయిన్ దాకా ఒంటరిగా నడిచింది. రెండువేల మైళ్ళ పైచిలుకు. సొంతంగా కుట్టుకున్న బట్ట సంచీ, కాన్వాసు బూట్లు, ఒక దుప్పటి, వానకి స్నానాలగది పరదా. గుడారం లేదు. అల్ట్రాలైట్‌వాళ్ళందరికీ ఆవిడే ఆదిగురువు. కానీ కథలో ఒక భాగం మనం తొందరగా దాటేస్తాం. దారిలో ఎన్నో రాత్రులు ఆవిడకి చోటిచ్చినవి అపరిచితుల ఇళ్ళు. అన్నం పెట్టినవాళ్ళున్నారు, వసారాలో పడుకోనిచ్చినవాళ్ళున్నారు. అది తప్పని నేననను. మన ఊళ్ళలో బాటసారికి అరుగు ఎందుకుండేదో మనకి తెలుసు. తలుపు తట్టి అడిగింది, వాళ్ళు ఇష్టపడి ఇచ్చారు. అడిగి తీసుకున్నదాన్ని నా స్వయంశక్తి అని చెప్పుకుంటేనే పేచీ.

మోసేవాళ్ళ సంగతి మన సాహిత్యంలో మొదట్నించీ ఉంది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. ఆ ప్రయాణం మీద 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’ తెలుగులో యాత్రారచనకి పెద్ద దిక్కు. ఆయన వెంట ఇంచుమించు వందమంది పరివారం. ఆయన పల్లకీలో, పల్లకీ బోయీల భుజాల మీద. రాసిన చెయ్యి తేలిగ్గా ఉండటానికి ఎన్ని భుజాలు కాయలు కాశాయో లెక్కపెట్టడం కష్టం.

అమెరికాలోనూ అంతే. 1915 వేసవిలో స్టీవెన్ మేథర్ అనే సంపన్నుడు దేశంలో పలుకుబడి ఉన్నవాళ్ళని రెండు వారాలు సియెరా కొండల్లో తిప్పాడు. జాతీయ పార్కులకి ఒక శాఖ కావాలని వాళ్ళని ఒప్పించడం ఆయన ఉద్దేశం. మరుసటి ఏడు ఆగస్టులో నేషనల్ పార్క్ సర్వీస్ ఏర్పడింది. ఆ రెండు వారాలూ వాళ్ళకి విందులు వండి పెట్టినవాడు టై సింగ్ అనే చైనా సంతతి వంటమనిషి. సామాను కంచరగాడిదల మీద. రొట్టె పిండి గాడిద ఒంటి వేడికి దారిలోనే పొంగేలా కట్టేవాడట. యోసెమిటీలో సింగ్ పీక్ అనే శిఖరానికి 1899లోనే అతని పేరు పెట్టారు కాబట్టి మనకి ఆ పేరు మిగిలింది. ఆ కొండల్లో బరువులు మోసిన చాలామందికి ఆ అదృష్టం పట్టలేదు.

కూలి ఇచ్చి మోయించుకోవడం పాపమా అని ఎవరైనా అడగవచ్చు. నేనైతే కాదంటాను. అలిపిరి నుంచి 3550 మెట్లెక్కే భక్తుల సామాను దేవస్థానంవాళ్ళే ఉచితంగా కొండమీదికి చేరుస్తారు. దానివల్ల నడిచినవాడి మొక్కు చెల్లకుండా పోదు. మోకాళ్ళు అరిగినవాళ్ళకీ, వయసు మళ్ళినవాళ్ళకీ తేలిక సామాను ఒక వరం. పాతికేళ్ళప్పుడు నలభై పౌన్లు మోసినవాడు యాభైలో పదిహేనుతో కొండలు చూడగలిగితే సంతోషించాలి. తక్కువ మొయ్యడం తప్పుకాదు. మోస్తున్నవాడు కనపడకుండా పోవడం, వాడికి దక్కాల్సింది దక్కకపోవడం, అవి తప్పులు.

వెళ్ళే చోటు ఎంచుకోవడం కూడా ఈ లెక్కలోదే. ఒకే సంచీ ఒక చోట వివేకం, ఇంకో చోట అపచారం. జులైలో సియెరా కొండల్లో సరిపోయిన సామాను న్యూహాంప్‌షైర్‌లో మౌంట్ వాషింగ్టన్ మీద చాలదు. ఎత్తు 6288 అడుగులే, మన హిమాలయాల ముందు పిల్లకొండ. కానీ 1934 ఏప్రిల్ 12న అక్కడ గంటకి 231 మైళ్ళ వేగంతో వీచిన గాలిని కొలిచారు. అక్కడ వెచ్చని చొక్కా మానేసి ఆరు ఔన్సులు మిగిల్చినవాడు కాలు బెణికి కదల్లేకపోతే, ఆ ఆరు ఔన్సులు మనిషంత బరువై ఇతరుల చేతుల్లోకి వెళ్తాయి. స్ట్రెచర్‌ని ఒకసారికి ఆరుగురు పట్టుకోవాలి, వంతులు మారడానికి ఇంకా మనుషులు కావాలి. వాళ్ళలో చాలామంది జీతం లేని స్వచ్ఛంద సేవకులు. నిర్లక్ష్యంతో చిక్కుకున్నవారి నుంచి ఖర్చు రాబట్టే చట్టం ఆ రాష్ట్రంలో ఉంది. 2015 నుంచి ఆ ఖర్చులకి తోడుగా ‘హైక్ సేఫ్’ కార్డు కూడా అమ్ముతున్నారు. డబ్బు సంగతి కార్డు చూసుకుంటుంది. రాత్రిపూట మంచులో స్ట్రెచర్ మొయ్యడం మాత్రం కార్డు చెయ్యదు. గ్రాండ్ కాన్యన్‌లో సౌత్ కైబాబ్ దారి పొడుగునా ఎక్కడా నీళ్ళు దొరకవు. లీటరు నీళ్ళు కిలో బరువు. ఏ అల్ట్రాలైట్ కంపెనీ కూడా నీళ్ళని తేలిక చెయ్యలేదు.

ఇక నేల మీద పడే బరువు. యోసెమిటీ అడవుల్లో రాత్రి ఉండేవాళ్ళు తిండిని ఎలుగుబంటి తెరవలేని డబ్బాలో పెట్టుకోవాలి. పెద్ద డబ్బా కిలో పైనే ఉంటుంది. లెక్కలేసేవాళ్ళకి దానంత కంటగింపు వస్తువు లేదు. నిజానికి అది మన కోసం మోసేది కాదు. మనిషి తిండి రుచి మరిగిన ఎలుగుబంటిని చివరికి చంపాల్సి రావచ్చు. ఆ కిలో ఎలుగుబంటి ప్రాణానికి మనం కట్టే అద్దె. మౌంట్ విట్నీ దగ్గరైతే నడిచేవాళ్ళు తమ మలాన్ని కూడా సంచీలో కట్టుకుని వెనక్కి తేవాలి. వినడానికి నవ్వొస్తుంది గానీ, నీతిశాస్త్రంలో ఇంతకన్నా సూటి పాఠం నాకింకోటి తెలీదు. నీది నువ్వే మొయ్యి.

ఇదంతా ఆలోచిస్తుంటే నాకు శబరిమల వెళ్ళే అయ్యప్పల ఇరుముడి గుర్తొస్తుంది. అది కూడా వీపుసంచీ లాంటిదే, నెత్తిన పెట్టుకుంటారంతే. రెండు అరలు. ముందు ముడిలో స్వామికి ఇచ్చేది, నేతితో నింపిన కొబ్బరికాయ. వెనక ముడిలో తనకి దారిబత్తెం. వెనక ముడి నడుస్తున్నకొద్దీ తరుగుతుంది. ముందు ముడి గమ్యం దాకా తరగదు. బరువు దించుకోవడంలో నాకు తోచిన ధర్మం ఇంతే. వెనక ముడిని ఎంత కోసినా నీ ఇష్టం. ముందు ముడి మీద కత్తెర పెట్టకు. జట్టులో అందరికీ పనికొచ్చే పొయ్యి, నీటి ఫిల్టరు, మందుల పొట్లం, ఎలుగుబంటి డబ్బా, ఇవన్నీ ముందు ముడి. వాటిని వదిలేసి తొమ్మిది పౌన్లని చాటుకునేవాడి సంచీ మిగతావాళ్ళ సంచుల్లో ఉంటుంది.

ఈ లెక్క అడవి దగ్గరే ఆగదు. రెండు పెట్టెలతో సముద్రం దాటామని మనం గొప్పగా చెప్పుకుంటాం. పెట్టెలో పట్టని బరువులు ఊళ్ళో ఉండిపోయాయి. అమ్మానాన్నల మందుల చీటీలు, ఇంటిపన్ను, పెళ్ళిళ్ళకీ చావులకీ కుటుంబం తరఫున వెళ్ళి కూర్చోవడం. ఏ ఇంట చూసినా వాటిని మోసే అక్కో, తమ్ముడో, మరదలో ఉంటారు. మా ఇంట్లో మా తమ్ముడు. వాడు ఉండిపోవడానికి వాడి కారణాలున్నాయి, నేను రావడానికి నావి ఉన్నాయి, ఇందులో దోషి ఎవరూ లేరు. డబ్బు పంపడం డైనీమా గుడారం కొనడం లాంటిది. కొంత బరువు నిజంగానే తగ్గుతుంది. అర్ధరాత్రి ఆస్పత్రి వరండాలో కూర్చునే పని మాత్రం డాలర్లలోకి మారదు. మోసేవాడికి తెలుసు కావడి బరువు అన్నారు పెద్దలు. మొయ్యనివాడు కనీసం అది ఎంతుందో అడిగి తెలుసుకోవాలి, మోసేవాడి మాటకి ఇంటి నిర్ణయాల్లో తన మాటకన్నా ఎక్కువ విలువివ్వాలి.

నా ఎక్సెల్ పట్టికలో వస్తువు, బరువు, ధర అని మూడు నిలువు వరసలుండేవి. ఇప్పుడు నాలుగోది చేర్చాను: ‘నేను తేకపోతే ఎవరు మోస్తారు?’ మడతకుర్చీ, రెండో చొక్కా, లావుపాటి నవల ఎదురుగా ‘ఎవరూ మొయ్యరు’ అని వస్తుంది. వాటిని నిర్దాక్షిణ్యంగా తీసేస్తాను. ఏ మనిషో, ఏ జంతువో, రేపు అదే చోట గుడారం వేసుకునే ముక్కూమొహం తెలియనివాడో జవాబుగా వస్తే ఆ వస్తువు సంచీలోనే ఉంటుంది. ఆ వరస చేర్చాక నా బేస్ వెయిట్ పదకొండున్నర పౌన్లకి తేలింది. అల్ట్రాలైట్ బిరుదు పోయింది. పోతే పోనీ.