తల్లిపాలు – తల్లి ఒక్కదాని బాధ్యతేనా?



2015లో మా సంఘపు కుమార్తె ఒకతె మూడు నెలల బిడ్డను అత్తగారి చేతిలో పెట్టి బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనికి తిరిగి వెళ్ళినది. కొన్నాళ్ళకు ఆ బిడ్డకు డబ్బాపాలు పట్టుట చూచి, "తల్లిపాలు ఎందుకు మానేశావమ్మా?" అని మేము అడిగితిమి. "నేను మానలేదండి మాస్టారూ, డ్యూటీ మాన్పించింది" అని ఆమె తల వంచుకొన్నది. ఆ ప్రశ్న ఆమెను అడుగవలసినదేనా అని మేము నేటికిని ఆలోచించుచున్నాము.

పుట్టిన గంటలోపల రొమ్ము పట్టించవలెననియు, ఆరు నెలలవరకు నీళ్ళైనను పట్టక తల్లిపాలే ఇవ్వవలెననియు, పిదప ఇతర ఆహారముతోపాటు రెండేండ్లు, ఆపైన కూడ ఇవ్వవచ్చుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఇది అందరము వినుచున్నదే. అయితే బిడ్డ ఎంత తరచుగా కుడిచిన అంతగా పాలు ఊరును. పూటలు తప్పినకొద్దీ తగ్గును. కాబట్టి ప్రేమ ఒక్కటే చాలదు, బిడ్డ దగ్గర ఉండు సమయము కావలెను. ఆ సమయము చాలవరకు తల్లి చేతిలో లేదు, చుట్టు ఉన్నవారి చేతిలో ఉన్నది. ఒకరికి కర్తవ్యమని బోధించి, దానిని నెరవేర్చు వీలు ఇయ్యకుండుట న్యాయమా?

"మా అమ్మలు పొలము పని చేయుచునే పాలిచ్చిరి గదా" అని కొందరందురు. నిజమే. కాని వారు బిడ్డను వెంట తీసికొనిపోయి చెట్టుకు ఉయ్యాల కట్టిరి. ఫ్యాక్టరీ గేటు బిడ్డను లోపలికి రానిచ్చునా?

చట్టము కొంత మేలు చేసినది. డబ్బాపాల ప్రకటనలను 1992 చట్టము నిషేధించినది. 12 వారములుగా ఉన్న ప్రసూతి సెలవును 2017లో ఇద్దరు బిడ్డలవరకు 26 వారములకు పెంచి, 50 మంది పనిచేయు చోట శిశు సంరక్షణ గది ఉండవలెననిరి. కాని షోలాపూరులో ఇంట కూర్చుండి వేయి బీడీలకు ఇంత అని కూలి తీసుకొను తెలుగు తల్లికి సెలవు ఎవరిచ్చెదరు? ఆమె చేయి ఆగిన కూలి ఆగును.

ఆస్పత్రిలో నర్సు దగ్గర నిలిచి, బిడ్డకు రొమ్ము ఎట్లు అందించవలెనో చూపిన సగము భయము తీరును. ఇంటిలో ముర్రుపాలు పిండి పారబోసి తేనె నాకించు పెద్దలు ఆ అలవాటు మానవలెను. భర్త నీళ్ళు తోడి, వంట చేసి, రాత్రివేళ బిడ్డను అందించిన చిన్నతనము కాదు. జబ్బు చేతనో మరి ఏ కారణము చేతనో పాలివ్వలేని తల్లిని నిందింపరాదు.

హన్నా సమూయేలు పాలు విడుచువరకు షిలోహుకు వెళ్ళక ఇంట నిలిచినది. ఎల్కానా అభ్యంతరము చెప్పలేదు. ఆమె ఏటేటి ఆరాధన ప్రయాణము సహితము బిడ్డ పాలకొరకు ఆగినది. మనమో, ఆదివారము బిడ్డ ఏడ్చిన వెనుదిరిగి చూచెదము. మేమును అట్లు చూచినవారమే.

ఇప్పుడు మా మందిరము ప్రక్కగదిలో ఒక తెర, కుర్చీ, ఫ్యాను, మంచినీళ్ళ కూజా పెట్టితిమి. వాక్యము వినబడునట్లు చిన్న స్పీకరు కట్టితిమి. పెద్ద ఖర్చు కాలేదు. ఇకమీదట తల్లిని "ఎందుకు మానితివి?" అని అడుగుటకు ముందు, "మేమేమి చేయలేదు?" అని మనలను మనము అడుగుకొందుము.